బొగ్గుపొగలో టీ వాసన

ఇప్పుడు ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరూ ఈ సంగతి తలచుకుని పడీపడీ నవ్వుకుంటారు. నవ్వుకునే దాకా వచ్చింది కాబట్టి మనమూ చెప్పుకోవచ్చు. ఒక పెద్దమనిషి తన ముక్కు తనకు మాట మాత్రమైనా చెప్పకుండా పోతోందని నమ్మి, ఆ భయాన్ని కడుపులో దాచుకుని, పైకి నవ్వుతూ తిరిగిన రోజుల కథ ఇది. అలాంటి రోజులు పగవాడికి కూడా వద్దు.

ఆయన్ని అందరూ పార్సిలాయన అంటారు. ఉద్యోగమంతా రైల్వే స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసులోనే వెళ్ళిపోయింది. పొడుగాటి రేకుల షెడ్డు, ఒక తూకం బల్ల, గోడవారగా పైకప్పు దాకా మూటలు. తడిసిన గోనె, కొత్త చెప్పుల తోలు, మంచులో పెట్టిన చేపలు, పుస్తకాల జిగురు, ఎక్కడో కారుతున్న నూనె డబ్బా, అన్నీ ఒకే గాలిలో కలిసి ఉండేవి. కొత్తగా చేరినవాళ్ళకు తల తిరిగేది. ఈయనకు మాత్రం అక్కడికి వెళ్తేనే ప్రాణం లేచొచ్చేది. ఏ మూట కింద ఏది కుళ్ళుతోందో గుమ్మంలో నిలబడే చెప్పేవాడు. తోటివాళ్ళు పందేలు కాసి, కళ్ళకు గుడ్డ కట్టి మరీ పరీక్ష పెట్టేవాళ్ళు. తన ముక్కు మీద ఆయనకు కాస్త గర్వం ఉండేది. కాస్తేమిటి, బాగానే ఉండేది.

ఆయన భార్య ఆస్పత్రిలో మందులిచ్చే గదిలో పనిచేసి రిటైరైంది. సీసాల్లో మందు కలిపి, చీటీ అంటించి, కిటికీలోంచి అందించే పని. వీధిలో వాళ్ళకు ఆవిడ ఇప్పటికీ కాంపౌండరమ్మే. ఏది ఎందులో కరుగుతుందో ఆవిడ చేతికి తెలుసు, కొలత గ్లాసు అక్కర్లేదు. నెమ్మదైన మనిషి. ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకునే మాట ఆవిడ నోట్లోంచి ఊడిపడటం ఎవరూ చూడలేదు.

పార్సిలాయనకు ఒక అన్నయ్య ఉండేవాడు. రైలింజను డ్రైవరు. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆ అన్నయ్యే. అవి బొగ్గు ఇంజన్ల రోజులు. డ్యూటీ దిగి ఆయన ఇంటికొస్తుంటే, మనిషి కనిపించకముందే వీధి చివరినుంచి తమ్ముడికి తెలిసిపోయేది. చొక్కా నిండా బొగ్గుపొగ, ఆవిరి, వేడి నూనె. "కళ్ళు మూసుకుని కూడా నన్ను పట్టేస్తావురా నువ్వు" అని ఆ మసి చేతులతోనే తమ్ముడి ముక్కు పట్టుకుని ఊపేవాడు.

ఆ అన్నయ్యకు ముసలితనంలో మతి పోయే జబ్బు వచ్చింది. వచ్చింది కూడా దొంగదారిన వచ్చింది. ముందు మాడు వాసన తెలియడం మానేసింది. తరవాత ఒకరోజు విరిగిన పాలు గటగటా తాగేసి బాగున్నాయన్నాడు. ఆ పైన లేని వాసనలు మొదలయ్యాయి. ఖాళీ గదిలో కూర్చుని, "ఎవరో నారింజపండు ఒలుస్తున్నారు, చూడండి" అనేవాడు. ఇంట్లోవాళ్ళు నవ్వారు. పార్సిలాయనా నవ్వాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. ఈ జబ్బు కొందరిలో ముందు ముక్కు దగ్గరే తలుపు తడుతుందని చెప్పాడు. ఆ తరవాత ఇంటిదారి పోయింది, పేర్లు పోయాయి. చివరిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు అన్నయ్య మంచం మీంచి లేచి కూర్చుని, ఎంతో మర్యాదగా, "ఏ బండికి వెళ్ళాలండీ తమరు?" అని అడిగాడు. చంకనేసుకుని తిప్పిన మనిషి తనని తమరు అన్నాడు. పార్సిలాయన బయటికొచ్చి గోడ పట్టుకుని ఏడ్చాడు.

అన్నయ్య పోయాక ఈయన మంచం దిగలేదు. రిటైరైన మనిషి కాబట్టి రమ్మని అడిగే ఆఫీసూ లేదు. కాంపౌండరమ్మ చూసింది, చూసింది. ఒకరోజు బజారుకెళ్ళి బొమ్మల దుకాణంలో అద్దాల వెనకున్న చిన్న బొగ్గు ఇంజనును కొనుక్కొచ్చి ఆయన దిండు పక్కన పెట్టింది. అరచేతిలో పట్టేంత ఇంజను. కరెంటు ఇస్తే నిజంగా నడుస్తుంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పట్టాలు లేకుండా దీన్నేం చేసుకోను?" అన్నాడు. ఎన్నాళ్ళకో ఆయన నోటినుంచి వచ్చిన ప్రశ్న అది. ఆవిడ మర్నాడే వెళ్ళి పట్టాలు తెచ్చింది.

అలా మొదలైంది. వెనక గదిలో రెండు మంచాలు కలిపినంత చెక్కబల్ల వెలిసింది. దాని మీద పట్టాలు, ప్లాట్‌ఫారం, నీళ్ళ ట్యాంకు, ఇంజను షెడ్డు, పశువుల వ్యాగన్లు నిలబెట్టే పక్క లైను, అగ్గిపెట్టెంత పార్సిల్ ఆఫీసు, స్టేషను బయట రొట్టెల దుకాణం. గోధుమగింజంత మనుషులు. ఇంజను షెడ్డు గుమ్మంలో నీలం చొక్కా వేసి నిలబెట్టిన మనిషి ఎవరో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. అంతా అయ్యాక పార్సిలాయన స్టూలు మీద కూర్చుని బండి నడిపి చూసి పెదవి విరిచాడు.

"చూడ్డానికి బాగానే ఉంది గానీ, జలుబు చేసినవాడు స్టేషన్‌కి వెళ్ళినట్టుందే. వాసన ఏదీ?" అన్నాడు.

"వాసన కావాలంటే గ్లిజరిన్‌లో నానబెట్టండి. దాంట్లో ఏదైనా నిలుస్తుంది, తొందరగా ఆరిపోదు" అంది కాంపౌండరమ్మ, కూరగాయలు తరుగుతూ. ఆ మాట ఎందుకన్నానా అని తరవాత ఆవిడ చాలాసార్లు అనుకుంది.

ఇక ఆయన ఆగలేదు. మసి గీకి గ్లిజరిన్‌లో వేసి కాచాడు, అది బొగ్గుపొగ. పట్టాల కింద వేసే పాత దుంగల మీంచి తారు చెక్కి నానబెట్టాడు, అది పట్టాల వాసన. పాలవాళ్ళ కొట్టంనుంచి తడి గడ్డి తెచ్చి ఏం చేశాడో ఏమో, పశువుల వ్యాగను తయారైంది. చేపల బుట్ట అడుగున పరిచే గోనెముక్కతో పార్సిల్ ఆఫీసు. మాడిన రొట్టె అంచులతో రొట్టెల దుకాణం. ఒక్కొక్కటీ ఒక్కో సీసాలో పోసి, గదిలో అరమీద వరసగా పెట్టాడు. బల్లకు అక్కడక్కడా చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లు కింద సీసామూతలో దూది, దాని కింద వేడెక్కే చిన్న తీగచుట్ట, పాత కంప్యూటర్లలోంచి ఊడదీసిన చిన్న ఫ్యాను. బండి ఆ చోటికి రాగానే పట్టా కింద మీట నొక్కుకుంటుంది, ఫ్యాను తిరుగుతుంది, వాసన పైకి వస్తుంది. కిటికీలో ఇంకో ఫ్యాను పెట్టి పాత వాసనను బయటికి తోసేవాడు, లేకపోతే రొట్టెలూ పశువులూ కలిసి కడుపులో తిప్పేది. అందుకని బండిని మెల్లగా నడపాలి. ఒక వాసన గదిలోంచి పూర్తిగా వెళ్ళిపోయేదాకా రెండో స్టేషను రాకూడదు.

మొదటిసారి బండి ఇంజను షెడ్డు ముందు ఆగి బొగ్గుపొగ గుప్పుమన్నప్పుడు పార్సిలాయన కళ్ళు మూసుకున్నాడు. వీధి చివర అన్నయ్య వస్తున్నాడు. అన్నయ్య పోయిన తరవాత ఆయన గట్టిగా నవ్వింది ఆ రోజే. గుమ్మంలో నిలబడ్డ కాంపౌండరమ్మ ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంది. పొగకో, సంతోషానికో ఆవిడకే తెలియదు.

పశువుల వ్యాగను దెబ్బకి దుప్పట్లు, దిండ్లు, తువ్వాళ్ళు, ఆఖరికి చక్కెర డబ్బా కూడా కొట్టం వాసన కొట్టడం మొదలెట్టాయి. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఎప్పుడు కొన్నారు? ఎన్ని లీటర్లిస్తుంది?" అని అడిగింది. కాంపౌండరమ్మ నవ్వి ఊరుకుంది. పార్సిలాయన మాత్రం ఆ మాటను బిరుదు ఇచ్చినట్టే తీసుకుని, కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

కొన్నాళ్ళు బ్రహ్మాండంగా గడిచింది. ఆ తరవాత ఒకరోజు పశువుల వ్యాగను దగ్గర వాసన కాస్త పలచబడినట్టనిపించింది. దూది ఆరిపోయిందేమోనని ఇంకో నాలుగు చుక్కలు వేశాడు. మర్నాడు ఇంకా పలచన. వారం తిరిగేసరికి అక్కడ వాసన అన్నదే లేదు. సరే, గడ్డి పాతబడి ఉంటుందనుకున్నాడు. అంతలో చేపల గోనె కూడా అలాగే మెల్లమెల్లగా వెళ్ళిపోయింది. దాని తరవాత తారు.

"ఏమే, తారు వాసన వస్తోందా నీకు?" అని అడిగాడు ఒకరోజు, మామూలుగా అడిగినట్టు.

కాంపౌండరమ్మ తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "అబ్బ, రాకేమండీ. తల పగిలిపోతోంది" అంది.

పార్సిలాయన గుండెల్లో రాయి పడింది.

ఆ సాయంత్రం రిటైరైన గార్డుగారు వచ్చాడు. పాత స్నేహితుడు, రోజూ వచ్చి బండి చూసి వెళ్ళే మనిషి. ముక్కుపొడుం పీల్చి పీల్చి ఆయన ముక్కు ఎప్పుడో చేతులెత్తేసింది. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. అందరూ ఆహా అన్నచోట తనూ ఆహా అనేసి గౌరవం కాపాడుకుంటూ వచ్చాడు.

"ఎలా ఉందయ్యా తారు?" అని అడిగాడు పార్సిలాయన, ఊపిరి బిగబట్టి.

"అదిరిపోయిందనుకో. అచ్చం మన ప్లాట్‌ఫారం చివర నిలబడ్డట్టే ఉంది" అన్నాడు గార్డుగారు, గుండెలనిండా పీల్చి.

దాంతో పార్సిలాయనకు ఉన్న కాస్త ఆశ కూడా పోయింది. ఇద్దరికి వస్తున్న వాసన తనకు రావడం లేదు. మళ్ళీ కొత్తగా కాచి చూద్దామా అనుకున్నాడు. కాచాక కూడా వాసన రాకపోతే? ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకునే ధైర్యం లేక తారు డబ్బా మూత తీయలేదు. పెద్దవీధిలో రోడ్డు వేస్తుంటే చేతిరుమాలు ముక్కుకి గట్టిగా అదుముకుని అవతలి వైపునుంచి నడిచాడు. రొట్టెలూ సబ్బులూ తెలుస్తూనే ఉన్నాయి. అయినా అన్నయ్యకు కూడా అన్నీ ఒక్కసారే పోలేదు కదా, ఒకటొకటిగానే పోయాయి. భయపడ్డవాడికి ప్రతిదీ సాక్ష్యమే.

ఇక మిగిలింది బొగ్గుపొగ. దాన్ని మాత్రం ఆయన పొదుపుగా వాడుకున్నాడు, బండిని షెడ్డు ముందు ఎప్పుడో గానీ ఆపేవాడు కాదు. అది కూడా పలచబడింది. ఒక ఉదయం ఇంజను ఆగింది, ఫ్యాను తిరిగింది, పార్సిలాయన వంగి మెల్లగా పీల్చాడు. బొగ్గు లేదు. దాని బదులు ఇంకేదో వస్తోంది. మళ్ళీ పీల్చాడు. టీ.

బొగ్గు ఇంజను టీ వాసన వేస్తోంది.

వంటింట్లోకి తొంగిచూశాడు. పొయ్యి మీద ఏమీ లేదు. ఖాళీ గదిలో నారింజపండు వాసన వస్తోందన్న అన్నయ్య గుర్తొచ్చాడు. స్టూలు మీద కూలబడ్డాడు. షెడ్డు గుమ్మంలో నీలం చొక్కా మనిషి తనవైపే చూస్తున్నట్టు అనిపించింది.

ఆ రోజునుంచి స్నానాల గదిలో తలుపేసుకుని, తను పార్సిళ్ళు పంపిన స్టేషన్ల పేర్లన్నీ వరసగా చదువుకోవడం మొదలెట్టాడు. ఎక్కడైనా ఒకటి తప్పితే మళ్ళీ మొదటినుంచి. బయట కాంపౌండరమ్మ, ఈయనకు ఈ మధ్య పాటల పిచ్చి పట్టిందనుకుని మురిసిపోయింది. భోజనాల దగ్గర ఆవిడ మొహంలోకి తేరిపారజూసేవాడు. ఏదో ఒకనాడు ఈ మనిషిని పట్టుకుని కూడా తమరు ఏ బండికి అని అడుగుతాను కాబోలు అనుకునేవాడు.

"ఏమిటండీ అలా చూస్తారు, కొత్తగా?"

"ఏం లేదు. చూసుకుంటున్నాను."

"చూసినంత చాల్లెండి, అన్నం తినండి" అనేది ఆవిడ, కొంచెం సిగ్గుపడి.

ఒక మధ్యాహ్నం ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి, ఇప్పుడే వస్తానని పక్కింటికి వెళ్ళింది. ఆయన వెనక గదిలో తెగిన తీగను అతికిస్తున్నాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి పాలు పొంగి, ఇంకి, గిన్నె అడుగు నల్లగా మాడిపోయి, వంటిల్లంతా పొగ.

"ఇంట్లోనే ఉండి చూసుకోలేదేమండీ? అంత గొప్ప ముక్కు ఎక్కడ పెట్టుకున్నారు?" అంది ఆవిడ నవ్వుతూనే, గిన్నె దించి.

ఆయన నవ్వలేదు. మొహం పాలిపోయింది. చేతిలో పని కింద పెట్టి, "రేపు ఆస్పత్రికి వెళ్దాం. నా ముక్కు చూపించుకోవాలి" అన్నాడు.

కాంపౌండరమ్మ వెంటనే సరేనంది. నిజం చెప్పాలంటే లోపల సంతోషించింది కూడా. ఆ పొగలకూ వాసనలకూ ముక్కు పుండైపోయి ఉంటుంది, డాక్టరే వీటిని కాస్త తగ్గించుకోమంటే తను చెప్పాల్సిన పని తప్పుతుందని ఆవిడ లెక్క. ఆయనకు అసలు ఏ భయం పట్టుకుందో ఆవిడకు ఊహకైనా అందలేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఓపిగ్గా, "చెప్పండి, ఏమైంది?" అంది.

పార్సిలాయన ఒకసారి భార్యవైపు చూశాడు. ఆవిడ ముందు చెప్పాల్సి రావడం ఆయనకు కష్టంగానే ఉంది. అయినా మొదలెట్టాడు. "వాసనలు పోతున్నాయమ్మా. ఒక్కసారి కాదు, ఒకటొకటిగా. ముందు పశువుల వ్యాగను పోయింది. తరవాత చేపలు, ఆ తరవాత తారు. ఇంట్లో అందరికీ వస్తున్నాయి, నాకే రావట్లేదు. నిన్న పాలు మాడినా తెలియలేదు. మా అన్నయ్యకూ ఇలాగే మొదలైంది. ఆయనకు ఆఖరికి నేనెవరో కూడా తెలియలేదు."

కాంపౌండరమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు.

"లేని వాసన ఏదైనా వస్తోందా?" అని అడిగింది డాక్టరమ్మ, కాగితం మీద రాసుకుంటూ.

పార్సిలాయన తల దించుకున్నాడు. "వస్తోందమ్మా. బొగ్గుపొగ దగ్గర టీ వాసన వస్తోంది."

కాంపౌండరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"డాక్టరమ్మా, ఆ టీ నేనే పోశాను" అంది.

ఇద్దరూ ఆవిడవైపు తిరిగారు.

"గ్లిజరిన్ కదా, నీళ్ళల్లో ఇట్టే కలిసిపోతుంది. ఆ పశువుల వాసన భరించలేక, ఆ సీసాలోంచి రోజూ కాస్త ఒంపేసి కాస్త నీళ్ళు పోశాను. ఒక్కసారే తగ్గిస్తే తెలిసిపోతుందని, మందు మాన్పించేటప్పుడు తగ్గించినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాను. తరవాత చేపలది. తరవాత తారుది. బొగ్గుది ముట్టుకోకూడదనే అనుకున్నాను, కానీ అది వచ్చినప్పుడల్లా కళ్ళు మండించేది. నీళ్ళు పోస్తే నలుపు తేలిపోతోంది. రంగు కోసమని రెండు చెంచాల టీ డికాషన్ పోశాను." ఆవిడ భర్తవైపు తిరిగింది. "ఈయన ఇలా భయపడుతున్నారని నాకు తెలియదు. ఒట్టు, తెలియదు."

పార్సిలాయన కుర్చీ ఆవిడవైపు తిప్పుకున్నాడు. "మరి వాసన వస్తోందా అంటే తల పగిలిపోతోందన్నావు?"

"నీళ్ళు కలిపినట్టు బయటపడుతుందని అన్నాను."

"మరి గార్డు? వాడూ అదిరిపోయిందన్నాడే."

"గార్డు అన్నయ్యగారికి ముక్కేదండీ? పొడుంతో ఎప్పుడో పోయింది. మొన్న మన ఇంట్లో ఫినాయిలు నేల మీద ఒలికితే, ఏం పూలు తెచ్చావు చెల్లెమ్మా అన్నారు."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి ముందు దగ్గింది, తరవాత ఆపుకోలేకపోయింది. అయినా తన పని తను చేసింది. పార్సిలాయన్ని కళ్ళు మూసుకోమని, చిన్న చిన్న సీసాలు ఒకటొకటే ముక్కు దగ్గర పెట్టింది. నిమ్మతొక్క, కాఫీ, సబ్బు, లవంగం, మిరియం. ఆయన మూత తీయగానే చెప్పేశాడు. ఒకదాని దగ్గర మాత్రం ఆగి, "వెనిగరే, కానీ మూత సరిగ్గా పెట్టట్లేదు మీరు, సగం చచ్చింది" అన్నాడు. ఆ పైన డాక్టరమ్మ జ్ఞాపకానికి సంబంధించిన ప్రశ్నలు కూడా తీరిగ్గా అడిగింది. స్టేషన్ల పేర్లు అడిగితే ఆయన ఆగకుండా ఏకరువు పెట్టాడు. స్నానాల గదిలో పాట ఇదేనా అనుకుంది కాంపౌండరమ్మ, ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీ ముక్కుకేమీ కాలేదండీ. మీ తలకీ ఏమీ కాలేదు" అంది డాక్టరమ్మ. "పాలు మాడినప్పుడు ఆ గదిలో ఫ్యాను తిరుగుతోందా?"

"కిటికీలో ఫ్యాను ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుందమ్మా, గాలిని బయటికి తోస్తూ" అన్నాడు పార్సిలాయన. ఆయన వంటింటివైపు తలుపు మూసుకుని పని చేస్తాడని కాంపౌండరమ్మ అందించింది.

"మరింకేం? మాడు వాసన మీదాకా ఎలా వస్తుంది?" అంది డాక్టరమ్మ.

"నా నెత్తిన పాలు పోశావు తల్లీ" అన్నాడు ఆయన. అంతకంటే మాట రాలేదు.

ఆస్పత్రి మెట్లు దిగుతుంటే ఒళ్ళంతా తేలికైపోయింది. ఇన్నాళ్ళూ మోసిన మూట ఎవరో దించి పక్కన పెట్టినట్టుంది. పెద్దవీధిలో ఇంకా రోడ్డు వేస్తున్నారు. నల్లటి తారు కాగుతోంది, పొగ గాలికి ఇటే వస్తోంది. పార్సిలాయన జేబులోంచి చేతిరుమాలు తీసి, చూసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. తిన్నగా వెళ్ళి ఆ డ్రమ్ము పక్కన నిలబడి గుండెలనిండా పీల్చాడు. దగ్గొచ్చింది, కళ్ళు మండాయి, మళ్ళీ పీల్చాడు. పనివాళ్ళు పార ఆపి వింతగా చూశారు.

"ఏం కావాలండీ?" అన్నాడొకడు.

"ఏమీ వద్దు నాయనా. మీ పని కానివ్వండి" అన్నాడు పార్సిలాయన, చెవులదాకా నవ్వుతూ. కాంపౌండరమ్మ ముక్కు మూసుకోకుండా ఆయన పక్కనే నిలబడింది. ఆ వాసనంటే ఆవిడకు ఎంత గిట్టదో అప్పుడు గానీ ఆయనకు కనబడలేదు. మొహం అంతా ముడుచుకుపోయి ఉంది, అయినా అడుగు వెనక్కి వేయలేదు.

బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాక అడిగాడు. "ఒక్క మాట చెబితే పోయేది కదే. పడట్లేదు, మానెయ్యండి అంటే మానేసేవాణ్ణి కదా."

"అందుకే చెప్పలేదు" అంది ఆవిడ.

ఆయనకు అర్థం కాలేదు.

"మానేసేవారు. మానేసి మళ్ళీ మంచమెక్కేవారు. మీ అన్నయ్య పోయాక మీరు గోడవైపు తిరిగి పడుకుంటే నాకెలా ఉండేదో మీకేం తెలుసు? ఆ పొగ వచ్చిన రోజు మీరు నవ్వారు. ఆ నవ్వు పోగొట్టడానికి నాకు నోరు రాలేదు. వాసన ఉండాలి, ఇల్లు కూడా ఉండాలి. నాకు తెలిసిన వైద్యం నీళ్ళు కలపడమే. కలిపాను." ఆయనవైపు తిరిగి, "మీరైనా చెప్పచ్చు కదా, భయంగా ఉందని" అంది.

"నువ్వు కూడా భయపడతావని చెప్పలేదు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పడ్డ అవస్థ మొత్తం అక్కడ బెంచీ మీద బయటపడింది. ముందు ఆవిడకు నవ్వొచ్చింది. తరవాత ఆయనకు. బస్సు వచ్చి, ఆగి, వీళ్ళు లేవకపోవడంతో వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళాక పార్సిలాయన అరమీది సీసాలన్నీ దింపాడు. పశువుల వ్యాగను తనే తూములో ఒంపేశాడు, చేపలు కూడా. "ఆ రెండింటికీ మా ఆఫీసులో కూడా అభిమానులు లేరులే" అన్నాడు. బొగ్గు సీసాను మాత్రం కాంపౌండరమ్మ తన చేత్తోనే కడిగి, తుడిచి, ఆయన ముందు పెట్టింది.

"ఇది మళ్ళీ కాచండి, చిక్కగా" అంది.

"నీకు కళ్ళు మండుతాయి."

"మండనివ్వండి. ఎప్పుడో ఒకసారే కదా. ఆ రోజు కిటికీలన్నీ తీసుకుందాం. బావగారు వచ్చిపోతారు, తప్పేముంది?"

నీలం చొక్కా మనిషి ఎవరో ఆవిడకు మొదటినుంచీ తెలుసన్నమాట.

మసి నాని, బొగ్గు సీసా తయారైన రోజు సాయంత్రం ఆవిడ కూడా ఇంకో స్టూలు తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది. వంటింటి తలుపు, కిటికీలు బార్లా తెరిచే ఉన్నాయి, కిటికీ ఫ్యాను ఆపేశారు. బండి మెల్లగా స్టేషను దాటి, రొట్టెల దుకాణం దాటి, షెడ్డు ముందుకొచ్చి ఆగింది. బల్ల కింద చిన్న ఫ్యాను గిర్రుమంది. బొగ్గుపొగ, మసి, వేడి. పార్సిలాయన కళ్ళు మూసుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన అన్నయ్యను తలచుకోవడానికి కూడా జంకాడు, తలచుకుంటే ఆ చివరి ప్రశ్నే వినబడేది. ఇప్పుడు వినబడలేదు. వీధి చివర మసి చొక్కాతో అన్నయ్య నడిచొస్తున్నాడు, వీడు నన్ను పట్టేస్తాడని ముందే నవ్వుకుంటూ.

అంతలో ఆయన ముక్కుపుటాలు అదిరాయి. కళ్ళు తెరిచి, ఏదో బహుమతి వచ్చిన సంగతి చెబుతున్నవాడిలా, "ఏమే, పాలు మాడుతున్నాయి" అన్నాడు.

కాంపౌండరమ్మ కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ స్టూలు మీంచి కదల్లేదు.

"తెలుసండీ. ఇంకాసేపు మాడనివ్వండి. గిన్నె నేనే తోముకుంటాను" అంది.

ఆ సాయంత్రం ఇద్దరూ పాలు లేని టీ తాగారు. పార్సిలాయన కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క క్షణం ఆగి, "అచ్చం మన ఇంజను వాసనే" అన్నాడు.